నవంబరు కాగితంలో అన్నమ్మ

అన్నమ్మకు డెబ్బై మూడేళ్ళు. కన్నతండ్రి గురించి ఆమెకున్న ప్రశ్న ఒక్కటే. తల్లి రాసమ్మ బతికున్నన్నాళ్ళూ తల్లిని అడిగింది. తల్లి పోయాక అడగడానికి ఎవరూ లేక ఊరుకుంది. ఇప్పుడు కూతురు ప్రేమిల ఆదివారం ఆదివారం తను ఉండే సుంగై సుమున్ ఊరికి వచ్చినప్పుడల్లా, అన్నం వడ్డిస్తూ మధ్యలో గరిటె ఆపి అడుగుతుంది.

"మేం ఉన్నామని తెలిసీ మళ్ళీ రానేదా ఆ దొర, తెలవక రానేదా? అదొక్కటి కనుక్కో. ఇంకేటీ వద్దు నాకు."

దొర పేరు మార్టిన్. తెలుగువాళ్ళు సముద్రం దాటి కూలికి వచ్చిన ఈ దేశపు కొబ్బరి తోటకు, ఐర్లండు నుంచి చిన్నదొరగా వచ్చినవాడు. 1953లో జ్వరంతో ఓడెక్కి పోయినవాడు మళ్ళీ రాలేదు. అప్పటికి అన్నమ్మ పది నెలల పిల్ల. ఆ పిల్లకు అతను ఇచ్చి వెళ్ళింది పిల్లికళ్ళూ, ఎండకు కందిపోయే ఒళ్ళూను. కూలీల వరస ఇళ్ళ లైన్లలో పిల్లలు "తెల్లకోడి, తెల్లకోడి" అని వెంటపడితే, రాళ్ళు విసిరి వాళ్ళను తరిమినవాడు సెల్లప్పన్. ఆయన తమిళుడు, చెట్లెక్కి కాయలు దింపేవాడు. రాసమ్మను చేసుకుని, ఆమె బిడ్డను భుజానెక్కించుకుని పెంచాడు. అన్నమ్మ గుర్తింపు కార్డులో తండ్రి పేరు చోట ఈనాటికీ ఉన్నది ఆయన పేరే.

ప్రేమిల ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. పోర్ట్ క్లాంగ్‌లో ఒక గిడ్డంగి కంపెనీలో ఎగుమతి కాగితాలు చూస్తుంది. పదహారేళ్ళ ఉద్యోగం ఆమెకు ఒక సంగతి నేర్పింది. మూడు కాగితాలు ఒకే మాట చెబితేనే సరుకు పెట్టె కదలాలి. రెండే చెబితే, ఎంత పెద్దమనిషి ఫోను చేసి గదమాయించినా సరే, పెట్టె ఉన్నచోటే ఉండాలి. అమ్మ ప్రశ్నను కూడా ఆమె ఆ పద్ధతిలోనే పట్టుకుంది.

మొదటి కాగితం దొరకడానికే ఏడాది పట్టింది. అది పాత ఓడల ప్రయాణికుల పట్టీ. మార్టిన్ టియర్నీ, ఇరవై తొమ్మిదేళ్ళు, కొబ్బరి తోట ఉద్యోగి, ఎక్కిన రేవు పోర్ట్ స్వెటెన్‌హామ్. అంటే ఇప్పటి పోర్ట్ క్లాంగే. ప్రేమిల ఆఫీసు కిటికీలోంచి చూస్తే కనబడే నీళ్ళే అవి. తాను రోజూ లెక్కలేనన్ని పెట్టెలను సాగనంపే చోటు నుంచే తాతను కూడా ఎవరో ఒక గుమాస్తా పేరు రాసుకుని సాగనంపాడన్నమాట.

రెండో కాగితం కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. ఐర్లండులో పుట్టుకల పుస్తకం నూరేళ్ళు గడిస్తేగానీ జనానికి తెరవరు. మార్టిన్ పుట్టింది 1924లో. ఆ ఏటి పుటలు తెరిచిన వారమే ప్రేమిల దాన్ని పట్టుకుంది. ఊరు మేయో జిల్లాలో ఒక పల్లె. తండ్రి జాన్, రైతు. తల్లి క్యాథరిన్. పుట్టుక చెప్పి రాయించిన మనిషి బిడ్డ నాయనమ్మ, బ్రిజెట్. ఆమె సంతకం చోట సంతకం లేదు. వణుకుతున్న చేత్తో పెట్టిన ఇంటూ గుర్తు ఉంది. ప్రేమిల ఆ గుర్తును తెరమీద పెద్దది చేసి చాలాసేపు చూసింది. ఇటు రాసమ్మ కూడా చచ్చేదాకా వేలిముద్రే వేసింది. దొరల ఇల్లంటే ఏ మేడో అనుకుంది ఇన్నాళ్ళూ. రెండు వైపులా చదువురాని ముసలమ్మలే!

మూడో కాగితం రక్తసంబంధం తేల్చేది. దానికి అన్నమ్మ ఒక ప్లాస్టిక్ గొట్టంలో ఉమ్మాలి.

"ఓలమ్మ! ఉమ్మి పోస్టులో అంపుతారేటే? పోస్టుమేన్ ఏటనుకుంతాడు?"

"మూత పెట్టేస్తానమ్మా. ఎవరికీ కనపడదు."

పక్క ఇంట్లో ఉండే మేనమామ ఇళంగోవన్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. సెల్లప్పన్ కొడుకు, అన్నమ్మకు తమ్ముడు. లారీ నడిపి రిటైరైన మనిషి, ఆ దేశంలో అందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తాడు. మొహం ముడుచుకుపోయింది.

"ఎన్నక్కా ఇది, ఏటీ పని? మా అయ్య నీకు సాలలేదా? ఈ వయసులో ఇప్పుడు దొర కావాల్సొచ్చినాడా? బాగుంది లా!"

అన్నమ్మ మూతి తుడుచుకుంది. "సాలకేటిరా. అయ్య నన్ను పెంచినాడు, పెళ్ళి సేసినాడు. ఆయన మీద నాకు ప్రశ్న నేదు. ప్రశ్న ఉన్నది ఆ రెండో మనిషి మీదే. సమాదానం వొచ్చేస్తే ఆడి జోలి నాకక్కర్నేదు."

"సమాదానం ఏటి వొస్తాది? దొర దొరే. పోయినాడు. సుదా లా, ఇంక సాలు."

ఇళంగోవన్ వెళ్ళిపోయాడు. రెండు నెలల దాకా ఆదివారాలు అటువైపు రాలేదు.

ఫలితం రాగానే, అదే పరీక్ష చేయించుకున్నవాళ్ళలో ఒక పేరు తేలింది. నోరా. మేయోలో ఉంటుంది. అరవై ఎనిమిదేళ్ళు. అన్నమ్మతో ఆమె చుట్టరికం మేనత్త బిడ్డంత దగ్గరది అని రాసి ఉంది. ప్రేమిల ఒక ఉత్తరం రాసి, నాలుగు సార్లు దిద్ది పంపింది. మీ ఇంట్లో ఎవరికీ ఇబ్బంది కలిగించడం మా ఉద్దేశం కాదని ముందే రాసింది. మా అమ్మ పేరు అన్నమ్మ, మా అమ్మమ్మ పేరు రాసమ్మ అని చివర్లో రాసింది.

జవాబు మర్నాడే వచ్చింది. ప్రేమిల ఆఫీసులోనే తెరిచింది.

నోరా మార్టిన్ చెల్లెలు మార్గరెట్ కూతురట. మార్టిన్ పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలి కుటుంబంతో ఆ ఇంట్లోనే ఉండి 1987లో పోయాడు. ఇక ఆ తర్వాత నోరా రాసిన మాటలివి.

'మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఏటా నవంబరు వచ్చేసరికి ప్రతి ఇంటివాళ్ళూ తమ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు కాగితం మీద రాసి చర్చికి ఇస్తారు. ఆ నెలంతా వాళ్ళకోసం ప్రార్థన చేస్తారు. మా మావయ్య తర్వాత మా అమ్మ, అమ్మ తర్వాత నేను ఆ కాగితం రాస్తున్నాం. కిందటేటి కాగితం చూసి ఈ యేటిది రాయడమే. అందులో రెండు పేర్లు ఎవరివో నాకు ఏనాడూ తెలియదు. అమ్మను అడిగితే, మీ మావయ్యవాళ్ళు, రాయి అనేది. ఆ రెండు పేర్లూ మీ ఉత్తరంలో చూశాను. అందుకే మేం ఇంట్లో దాచుకున్న నకళ్ళన్నీ వెతికి కింద పెడుతున్నాను.'

కింద కాగితాల ఫోటోలు. ఒక్కొక్కటీ ఒక్కో ఏటిది, ఒక్కో చేతిరాత. అన్నింటిలోనూ వరసగా ఆ రెండు పేర్లు. రాసమ్మ. అన్నమ్మ. అన్నిటికంటే పాతది 1954 నవంబరుది. సిరా వెలిసిపోయింది.

ప్రేమిల లెక్క వేసింది. రాసమ్మ పోయింది 1994లో. అంటే నలభై ఏళ్ళు, ఆమె ఇక్కడ కట్టెలు కొట్టుకుంటూ, కొబ్బరి పీచు తీసుకుంటూ, మనవరాలికి జడలు వేస్తూ ఉండగా, అక్కడ పేరూ ఊరూ తెలియని మనుషులు చలిలో గుడిలో నిలబడి ఆమె ఆత్మశాంతికి ప్రార్థించారు. అన్నమ్మకోసం ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు.

కానీ ఎందుకు? బతికున్న మనుషుల్ని పోయినవాళ్ళలో ఎవరు కలిపారు?

చివరి ఫోటో ఒక టైపు ఉత్తరం. మావయ్య పెట్టెలో దొరికిందని నోరా రాసింది. తోట ఆఫీసు గుమాస్తా 1954 మార్చిలో మార్టిన్‌కు రాసిన జవాబు. 'తమరు క్షేమం అడిగిన రాసమ్మ అను స్త్రీకి, ఆమె బిడ్డకు వారి బంధువులు పోయిన నెల ఉత్తరక్రియలు జరిపించినారని మిక్కిలి విచారముతో తెలియజేసుకొనుచున్నాను. ఆ కార్యమును నేను స్వయముగా చూచితిని.'

ప్రేమిల ఆదివారం దాకా ఆగలేకపోయింది. శుక్రవారం సాయంత్రం సెలవు పెట్టి తెలుక్ ఇంటాన్ మీదుగా కారు నడుపుకుంటూ వచ్చేసింది. వంటింట్లో చేపలు శుభ్రం చేస్తున్న తల్లి ముందు పీట వేసుకుని కూర్చుని, ఆ ఉత్తరాన్ని తెలుగులో మెల్లగా చదివి వినిపించింది.

అన్నమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది.

"అబద్దం రాసినాడామ్మా ఆ గుమాస్తా? అలాగెందుకు రాస్తాడు?" అని అడిగింది ప్రేమిల.

"అబద్దం కాదే," అంది అన్నమ్మ. "జరిగినాది. మా అమ్మ సెప్పింది నాకు. దొర ఎల్లిపోయినాక, పిల్లని ఎవురికైనా ఇచ్చీమని మా తాత అమ్మని కొట్టినాడు. అమ్మ ఇవ్వలేదు. నన్ను సంకనేసుకుని అయ్యతో ఈ ఊరు వొచ్చేసినాది. తాతకి కోపం. మా ఇంట్లో ఇంక ఆళ్ళు నేరు, సచ్చిపోయినారని తల గీయించుకుని, కుండ పగలగొట్టి, పెద్దకర్మ సేసేసినాడు. తోటంతా పిలిసి బోజనం పెట్టినాడట. బతికున్నోళ్ళకి!"

"గుమాస్తాకి తెలీదా?"

"కొత్తోడయ్యుంతాడు. మనోడు కాడు. కుండ పగలడం సూసినాడు, పేర్లు ఇన్నాడు, రాసినాడు. మనోళ్ళలో పరువు పోయిందనుకుంతే బతికున్నోళ్ళకీ దినం సేసేస్తారని ఆడికెవురు సెప్పినారు?"

ప్రేమిల తల పట్టుకుంది. మార్టిన్ చేతికి వచ్చింది ఒక్క కాగితం. దాన్నే నమ్మాడు. ఇంకో కాగితం అడగలేదు, ఓడెక్కి రాలేదు. ఆ సంగతిలో ఆమెకు కొంచెం కోపం కూడా వచ్చింది. కానీ ఆ ఒక్క కాగితాన్నీ పట్టుకుని ముప్పై మూడేళ్ళపాటు తన చేత్తో ఆ రెండు పేర్లూ రాసిన మనిషి మీద ఆ కోపం నిలబడలేదు.

"తెలవకేనమ్మా," అంది చివరికి. "తెలవకే."

అన్నమ్మ చేపలన్నీ కడిగి, ఉప్పూ పసుపూ పట్టించి, చేతులు కడుక్కుని, అప్పుడు అంది, "ఆవిడతో మాటాడించు."

ఆ ఆదివారం సాయంత్రం అయిదింటికి, అంటే అక్కడ పొద్దున్న పదింటికి, ప్రేమిల ల్యాప్‌టాప్ భోజనాల బల్లమీద పెట్టింది. అన్నమ్మ ఉతికిన చీర కట్టుకుంది. ఇళంగోవన్‌కు ఎవరు చెప్పారో, వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

తెరమీద ఒక వంటిల్లు, వెనక వానచినుకుల కిటికీ, నెరిసిన జుట్టు మనిషి. అన్నమ్మా ఆమే ఒకరినొకరు చూసుకున్నారు. ఆ కళ్ళూ ఈ కళ్ళూ ఒకే పిల్లికళ్ళు. గోడ దగ్గర ఇళంగోవన్ "అయ్యో!" అన్నాడు పైకే.

ముందు తేరుకున్నది అన్నమ్మ. "నాన్న సెల్లెలి కూతురంతే నాకేటవతాదే? మరదలు గదా? మరదలా అని పిలుస్తానని సెప్పు. ఆవిడకి అన్నదమ్ములున్నారేమో అడుగు. ఉంతే నాకు బావలవతారు, ముందే సిగ్గుపడాల!"

ప్రేమిల నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పింది. నోరా కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత ఒక పాత కాగితం తీసి చూపింది. వచ్చే వారం ఈ యేటి కాగితం రాయాలట. ఏం చెయ్యమంటారు, మీ పేరు కొట్టెయ్యనా అని అడిగింది.

అన్నమ్మ ఆలోచించింది. "ముందు అందరి పేర్లూ సదవమను. నానెప్పుడూ ఇన్నేదు గదా."

నోరా కాగితం మీద వేలు పెట్టి చదవసాగింది. చదివిన ప్రతి పేరుకూ అన్నమ్మ "నాకేటవతారు?" అంటుంది, ప్రేమిల వరస చెబుతుంది, అన్నమ్మ తలవంచి చేతులు జోడిస్తుంది.

"బ్రిజెట్."

"నీకు ముత్తవ్వ. మీ తాతకి తల్లి. నీ దొర పుట్టాడని రాయించింది ఆవిడే."

"పీటర్." "ముత్తాత." "జాన్." "తాత." "క్యాథరిన్." "నాయనమ్మ."

"రాసమ్మ," అని చదివింది నోరా. ఎన్నో ఏళ్ళుగా రాసిన పేరును ఆమె ఒక్క తప్పూ లేకుండా పలికింది.

ఇళంగోవన్ గోడ విడిచి ముందుకు వచ్చాడు. కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చున్నాడు. "మా అమ్మకి..." అన్నాడు. "మా అమ్మకి ఆళ్ళు... ఇన్నేళ్ళు సేసినారా?" అతను చేతులు జోడించి అలాగే ఉండిపోయాడు.

నోరా వేలు తర్వాతి పేరు దగ్గర ఆగింది.

"సదవమను," అంది అన్నమ్మ. "ఆపీకూడదు."

"అన్నమ్మ."

"ఉన్నాను," అంది అన్నమ్మ.

ప్రేమిల ఆ మాట అవతలికి చెప్పింది. నోరా కాగితం కిందపెట్టి, కళ్ళజోడు తీసి వంటింటి తువ్వాలుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. అక్కడ కిటికీమీద వాన పెద్దదయింది.

"కొట్టీమను నా పేరు. ఇంక అక్కర్నేదు. అమ్మది ఉంచమను. తరవాతెవురు?"

నోరా వేలు ఒక వరస కిందికి దిగింది. "మార్టిన్."

ప్రేమిల తల్లివైపు తిరిగి నోరు విప్పబోయింది. అన్నమ్మ అప్పటికే తలవంచి చేతులు జోడించింది.

"ఈ వరస నాకు సెప్పక్కర్నేదు లా," అంది. తెరలోని ఆ కాగితాన్నే చూస్తూ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతన్ని ఆ మాటతో పిలిచింది. "నాన్నా."