లేని మూడో స్లాట్

మా పొదుపు సారుకి మదర్‌బోర్డు మీద ఏది చూసినా దండగే. చవక కంప్యూటర్లకు బోర్డులు చేసే కంపెనీ మాది. ఆయన దానికి పెద్ద, నేను బోర్డు మీద ఏది ఎక్కడుండాలో గీసేదాన్ని. మెమరీ గుచ్చుకోవడానికి నాలుగు స్లాట్లు గీసి చూపించాను.

"రెండు చాలమ్మా. మిగతా రెండూ కొట్టెయ్," అన్నారు.

పక్క బల్ల దగ్గరున్న మా అన్నయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "చవగ్గా కొన్నవాడే కదా సార్, రేపు కొత్తది కొనలేక ఉన్నదాంట్లోనే మెమరీ పెంచుకునేది! వాడికి చోటు లేకుండా చేస్తే ఎలా?"

వాదించి వాదించి చివరికి బేరం కుదుర్చుకున్నాడు. స్లాట్లు పెట్టరు, కానీ వాటి రంధ్రాలూ రాగి గీతలూ అలాగే ఉంటాయి. కావలసినవాడు మెకానిక్ చేత స్లాటు అతికించుకుంటాడు. "చూశావా, ఎలా నెగ్గానో!" అని నా నెత్తిన ఒక్కటిచ్చాడు. ఆ వారమే నిద్రలో గుండె ఆగి పోయాడు.

తర్వాత నమూనా బోర్డులు వచ్చాయి. ఆన్ చెయ్యగానే ఏ స్లాటులో మెమరీ ఉందో స్క్రీన్ మీద వరసగా పడుతుంది. మొదటిది: ఉంది. రెండోది: ఉంది. మూడోది: ఉంది.

అక్కడ అసలు స్లాటే లేదు. అన్నయ్య పట్టుబట్టి ఉంచిన రంధ్రాలున్నాయి, అంతే.

కారణం తెలియక కాదు. రెండో స్లాటు ఇచ్చిన జవాబు పక్కనున్న ఖాళీ గీతలోకి పాకి, అక్కడా ఎవరో పలికినట్టు వినిపిస్తోంది. సరిచెయ్యడం ఒక పూట పని. నాకే చేతులు రాలేదు. పొద్దున్నే బోర్డు ఆన్ చేసి, "వచ్చావా అన్నయ్యా?" అనేదాన్ని. మూడోది: ఉంది. నవ్వితే నవ్వుకోండి, నాకేం! వెనక ఎవరో నిలబడ్డట్టు మెడ మీద చల్లగా తగిలేది. భయమేసేది. అయినా మర్నాడు మళ్ళీ ఆన్ చేసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు అది సారు కంట పడనే పడింది.

"లేనిది ఉందంటోందేంటమ్మా ఇది? బాగున్నాయని వీటన్నిటి మీదా ముద్ర వేసిందెవరు?"

ముద్ర మా వదినది. అన్నయ్య పోయాక ఆవిడకు బోర్డులు పరీక్షించే ఉద్యోగం ఇచ్చారు.

"కళ్ళు నెత్తిన పెట్టుకుందా? రేపట్నుంచి రావద్దను."

ఆ జీతం లేకపోతే వదినకు ఇల్లు గడవదు. "ఆవిడ పనికి కొత్త సార్, ఏం తెలుసు! తప్పు నా గీతలది. సాయంత్రానికల్లా తీసేస్తాను, ఆవిడనేమీ అనకండి," అని కాళ్ళావేళ్ళా పడ్డాను.

సారు మెత్తబడ్డారు. "గీతలూ వద్దు, రంధ్రాలూ వద్దు. ఈ పాత బోర్డులన్నీ తుక్కు చేయించేస్తా."

ఒక్కో గీతా చెరిపాను. కన్నీళ్ళకు స్క్రీన్ ఆనలేదు. అన్నయ్యే ఉంటే, మీ వదిన తిండి కంటే ఆ గీతలు ఎక్కువటే అని కసిరేవాడని సర్దిచెప్పుకున్నాను.

కొత్త బోర్డులు వచ్చిన రోజు వదిన బల్ల దగ్గరికి వెళ్ళాను. మొదటిది: ఉంది. రెండోది: ఉంది. అక్కడితో ఆగింది. వదిన ఆపి మళ్ళీ ఆన్ చేసింది. ఇంకో బోర్డు పెట్టి చూసింది.

"మూడోది పలకట్లేదేంటే?"

"నీకు తెలుసా వదినా?"

"తెలియకపోవడమేంటి! అక్కడ స్లాటు లేదని నా కళ్ళకు కనపడదా? ఆ రంధ్రాలు ఉంచేలా చేశానని ఇంటికొచ్చి ఎంత మురిసిపోయాడో మీ అన్నయ్య! ప్రతి బోర్డూ ఉంది, ఉంది అంటుంటే, తప్పని ముద్ర ఎలా వెయ్యనే?" వదిన గొంతు తగ్గించింది. "పగలంతా ఆ మాట చూసుకుంటేనే రాత్రి ఆ ఇంట్లో పడుకోగలుగుతున్నా. పాత బోర్డు ఒక్కటి ఇప్పించవే, ఇంటికి తీసుకెళ్తా."

పాతవి ఒక్కటి కూడా మిగల్లేదు. తల అడ్డంగా ఊపాను.

"ఆ రంధ్రాలెవరు తీసేశారే?"

"నేనే వదినా."

ఎందుకో చెప్పొచ్చు. నీ కోసమే అంటే, ఆ బరువు కూడా ఆవిడ నెత్తినే పడుతుంది. అందుకే చెప్పలేదు.

వదిన బోర్డు ఆపి మళ్ళీ ఆన్ చేసింది. రెండు వరసలు పడ్డాయి. స్విచ్చి మీంచి చెయ్యి తియ్యకుండా స్క్రీన్ వంకే చూస్తోంది.

"ఉండవే, ఇంకోసారి చూద్దాం," అంది.