అరికాళ్ళకి అందని పాట

ఆ బడిలో పిల్లలెవరికీ చెవులు వినపడవు. అందుకే డాన్సు టీచరు హాల్లో చెక్కనేల వేయించి, దాని కింద సబ్‌వూఫర్ అనే దరువు స్పీకరు బిగించమంది. దరువు నేలలోంచి అరికాళ్ళకి ఎక్కితే అడుగు దానంతటదే పడుతుందని ఆవిడ నమ్మకం.

సామాన్లు కొన్నది ప్రిన్సిపాల్. టీచరుకి స్వయానా ఆడపడుచు. మనిషి మంచిదే గానీ, తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. సబ్‌వూఫర్ పెద్దది తెచ్చింది, దాన్ని మోగించే ఆంప్లిఫయర్ చిన్నది తెచ్చింది.

"ఇదేంటి వదినా? స్పీకరేమో రెండొందల వాట్లది. ఇది అందులో సగం కూడా ఇవ్వదు."

"అదే మరి తెలివి! చిన్నది పెడితే పెద్దది ఎప్పటికీ కాలదు. పెట్టి చూడు."

పెట్టి చూసింది. నేల చీమ పాకినట్టు జిలజిలమంది, అంతే. పిల్లలు కిందికి చూసుకుని, తలలు అడ్డంగా ఊపారు. టీచరు వాల్యూమ్ మీట పూర్తిగా తిప్పేసింది. ఆంప్లిఫయర్ మీద ఎర్రలైటు వెలిగి, ఆరకుండా అలాగే ఉండిపోయింది. నేల కాస్త కదిలింది. పిల్లల మొహాలు విప్పారాయి. ఆ ఎర్రలైటు సంగతి ఆవిడ పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకి చెక్కసందుల్లోంచి మాడు వాసన వచ్చింది. సబ్‌వూఫర్‌లో తీగచుట్ట కాలిపోయింది. బాగు చేయించి తెచ్చారు. మళ్ళీ కాలింది.

"నువ్వే పెంచి పెంచి తగలేశావు," అంది వదిన. మూడోసారి బాగై వచ్చాక, మీట సగం దాటి తిరగకుండా టేపు అంటించేసింది. నేల మళ్ళీ మూగబోయింది.

టీచరుకి ఒళ్ళు మండింది. స్పీకరు కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి ఆవిడ ఓపిగ్గా అంతా విని, "ఆంప్లిఫయర్ని దాని సత్తువకి మించి అరిపిస్తున్నారండీ," అంది. "అప్పుడు దాంట్లోంచి పాట సరిగ్గా రాదు, పైభాగం తెగిపోయి వస్తుంది. ఎర్రలైటు అందుకే. ఆ తెగిన పాట స్పీకరులోకి మామూలు కన్నా ఎక్కువ వేడి పంపుతుంది. చుట్ట కాలుతుంది. మీ స్పీకరుకి మూడొందల వాట్లది పెట్టండి, రెండింటి మీదా రాసుండే ఓముల అంకె కూడా కలిసేలా చూసుకోండి. సగం మీటలోనే హాయిగా మోగుతుంది."

ఇదంతా వదినకి చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"చిన్నది కాల్చిందా? ఇంక పెద్దది పెడితే బూడిదేగా!"

"కాదు వదినా, పెద్దదాన్ని నెమ్మదిగా వాడతాం. చిన్నదాని పీక పిసుకుతున్నాం."

"ఫోన్లో ఎవరో ఏదో అన్నారని... పిల్లల ప్రదర్శన దగ్గరికొచ్చింది, అది అయ్యాక చూద్దాంలే."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది అని నోటిదాకా వచ్చి, ఆగిపోయింది. ఆ సామెత ఆ బడిలో ఎవరూ వాడరు. ఇంటికెళ్ళి మొగుడి మీద అరిచింది. "మీ అక్క కదా, నీ మాటైనా వింటుందేమో చెప్పు!" అతను కంచంలోంచి తలెత్తకుండా, "నా మాట చిన్నప్పుడే వినలేదు," అన్నాడు.

ప్రదర్శన రోజు టేపు టేపులాగే ఉంది. పిల్లలు నేలని వదిలేసి, పక్కన నిలబడ్డ టీచరు చేతులకేసి చూస్తూ ఆడారు. ముందువరసలో పొడుగుజడ పిల్లకి మెడ తిప్పే అడుగొకటి ఉంది. తిప్పింది. మళ్ళీ ఇటు చూసేసరికి మూడు అడుగులు దాటిపోయాయి. మిగతావాళ్ళు కుడికి వెళ్తుంటే తను ఎడమకి వెళ్ళి, పక్కపిల్లకి గుద్దుకుంది. చూసేవాళ్ళు జాలిగా ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. పుండు మీద కారం చల్లినట్టయింది టీచరుకి.

మర్నాడు వదిన పాత బిల్లు పట్టుకుని కొట్టుకి వెళ్ళింది. మూడొందల వాట్లది తెచ్చింది. తీగలు మార్చి, మీట సగం కూడా తిప్పకముందే నేల దమ్మని మోగింది. కిటికీ అద్దాలు వణికాయి. ఎర్రలైటు వెలగలేదు. వదిన చెప్పులు విప్పి ఎక్కి, అలాగే నిలబడిపోయింది. "అబ్బ, మోకాళ్ళదాకా వస్తోందే!"

పొడుగుజడ పిల్ల ఒక్కతే ఆట మొదటినుంచి చివరిదాకా ఆడింది. మెడ తిప్పింది. ఒక్క అడుగు కూడా తప్పలేదు. ఆగి, వగరుస్తూ, చేతులతో అడిగింది: నిన్న ఎందుకు ఇలా లేదు?

వదిన చప్పున సైగ చేసింది: నిన్న మెషిను పాడైంది.

పిల్ల టీచరు వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ దిగమింగిన కోపమంతా టీచరు వేళ్ళలోకి వచ్చింది.

"పాడవలేదు," అని సైగ చేసింది. "చిన్నది పెట్టాం. పెద్దవాళ్ళం వినలేదు. నీ తప్పేం లేదు."

వదిన మొహం ఎర్రబడింది. కాదనలేదు. పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చెమట తుడుచుకుని, మళ్ళీ పెట్టమని వేలు తిప్పింది.