పికప్ డోర్లలోంచి వచ్చిన గొంతు

జాల్యా కాలును ఎవరో విరగ్గొట్టడానికి కొద్ది రోజుల ముందే అతని కొడుకు నరేశ్ తన పాత పికప్‌కు కొత్త సౌండు పెట్టించాడు.

ఆ బండి నరేశ్ దగ్గరికి వచ్చేసరికే ఇద్దరి చేతులు మారింది. నర్సింహులపేట పక్కనున్న తండా నుంచి మిర్చి, పత్తి, ఎరువు బస్తాలు, పెళ్లి సామాను, ఏది దొరికితే అది మోసేది. కంపెనీ బిగించిన టేపు అందులో అట్లాగే ఉండేది. రేడియో పట్టదు, పెన్‌డ్రైవ్ పెట్టడానికి చోటు లేదు. డోర్లలోని రెండు చిన్న స్పీకర్లలో ఒకటి ఎప్పుడో పోయింది. రెండోదాని అట్ట చిరిగి, పాట వేస్తే డబ్బాలో తుమ్మెద పడ్డట్టు గరగరమనేది. వరంగల్ మార్కెట్ దాకా ఆ గరగర వింటూ పోలేక నరేశ్ చాలాసార్లు పాట లేకుండానే తోలేవాడు.

అతని బావమరిది జైపాల్ స్టేషన్ ఘన్‌పూర్‌లో కార్లకు సీటు కవర్లు, సౌండ్లు బిగించే షాపులో పనిచేస్తాడు. ఒక సెలవు రోజున సామాను తండాకే తెచ్చి, ఇంటి ముందు బండి డోర్లు రెండూ విప్పేశాడు. పాత టేపు లాగి పక్కన పడేసి, ఆ సందులో వేలితో తాకితే పనిచేసే తెర ఉన్న స్టీరియో కూర్చోబెట్టాడు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు వేసి ఎర్ర వైరు సీటు కిందికి లాగి, అక్కడ ఆంప్లిఫయర్ బిగించాడు. డోర్లలో కొత్త స్పీకర్లు పెట్టే ముందు రేకుకు లోపలి వైపు మందపాటి నల్ల షీట్లు అతికించాడు.

"గివెందుకురా?" అని అడిగింది జమున. ఆమె నరేశ్ భార్య, జైపాల్‌కు అక్క.

"రేకు వణకొద్దని. ఉత్త రేకు మీద ఎంత మంచి స్పీకర్ పెట్టినా రేకే మోగుతదక్కా, పాట మోగది."

ఇంజన్ ఆన్ చేస్తే పాట వెనకాల సన్నగా ఈల వినిపించింది. జైపాల్ ఎర్త్ వైరు ఊడదీసి, ఛాసిస్ మీద రంగు గీకి, మెరిసే ఇనుముకు మళ్లీ బిగించాడు. ఈల పోయింది. ఆ తర్వాత వేసిన పాటకు నరేశ్ తల్లి గోరీ ఇంట్లోంచి బయటికొచ్చి, రొమ్ము మీద చెయ్యి వేసుకుని నవ్వింది.

"గుండెల డప్పు కొట్టినట్టున్నది బిడ్డా!"

ఆ సాయంత్రమే విక్రమ్ వచ్చాడు. ఊళ్లో అందరూ పటేల్ అని పిలిచే జగపతికి ఒక్కగానొక్క కొడుకు. మామిడి తోటలు, రైసుమిల్లు, ఒకప్పటి సర్పంచ్‌గిరీ అన్నీ ఉన్న ఇల్లు. కానీ విక్రమ్, నరేశ్ దంతాలపల్లి బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. విక్రమ్ తన ఫోన్‌ను బ్లూటూత్‌తో స్టీరియోకు కలిపి, సౌండు చివరిదాకా పెంచాడు. ఇద్దరూ అద్దాలు దించి దంతాలపల్లి రోడ్డు మీద గొంతు చించుకుని పాడుకుంటూ తిరిగారు.

"మా కార్ల గూడ గింత సౌండ్ లేదు," అన్నాడు విక్రమ్. "నా ఫోన్ తీసెయ్యకు నరేశ్. మల్ల వస్తే దానంతటదే కలుస్తది."

ఇద్దరి మధ్య ఎప్పుడూ మాటల్లోకి రాని సంగతి ఒకటుంది. జగపతి కొత్త మామిడి తోటకు లారీ పోవాలంటే జాల్యా చేను మధ్యలోంచే పోవాలి. జగపతి అడిగాడు. జాల్యా ఇవ్వనన్నాడు. జగపతి బతిమాలించాడు, బెదిరించాడు. వానాకాలం పత్తి మొలిచాక రాత్రికి రాత్రి ట్రాక్టర్ తోలించి సాళ్లు తొక్కించాడు. మర్నాడు జాల్యా ఆ జాడకు అడ్డంగా ముళ్లకంప కొట్టాడు.

తర్వాత వారంలో ఒక పొద్దున జాల్యా మోటరు వేయడానికి చేనుకు పోయాడు. స్టార్టరు డబ్బా మూత తెరుస్తుండగా తోట కంచెలోంచి ముగ్గురు వచ్చారు. ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. చేతుల్లో ఇనుప పైపులు. మొదటి దెబ్బ మోకాలి కింద పడింది. జాల్యా పడిపోయాక ఒకడు ఛాతీ మీద మోకాలు ఆనించి అదిమిపట్టాడు, ఇంకొకడు అదే కాలి మీద మళ్లీ మళ్లీ కొట్టాడు. అడ్డం పెట్టిన చేతి ఎముక రెండు ముక్కలైంది. ముగ్గురిలో ఒక్కడూ నోరు తెరవలేదు. పైపు ఎముకకు తగిలే చప్పుడు, జాల్యా అరుపు తప్ప ఇంకేం లేదు.

జొన్నరొట్టె మూట తీసుకుని వచ్చిన జమునకు మామ బురదలో బోర్లాపడి కనిపించాడు. పాదం వెనక్కి తిరిగి ఉంది. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది.

నరేశ్ పికప్‌ను గట్ల మీంచే వెనక్కి తోలుకొచ్చాడు. వెనక పరుపు వేసి తండ్రిని ఎక్కించారు. మహబూబాబాద్ దవాఖాన దాకా ప్రతి గుంతకూ జాల్యా కేక పెట్టాడు. తర్వాత కేక పెట్టడం మానేశాడు, నరేశ్‌కు అదే ఎక్కువ భయమైంది. గోరీ భర్త తలను ఒళ్లో పెట్టుకుని, కొంగుతో కాలు అదిమిపట్టుకుని కూర్చుంది. దిగేసరికి ఆమె నడుము దాకా రక్తమే.

డాక్టర్లు కాల్లో రాడ్డు వేశారు. పోలీసులు వచ్చి అడిగితే జాల్యా ఒకటే చెప్పాడు. "మొకాలు కట్టుకున్నరు సారూ. ఎవలో నేనెట్ల చెప్పాలె?"

అందరికీ అనుమానం ఒకరి మీదే. కానీ చూసినవాడు లేడు, విన్నవాడు లేడు.

జాల్యాను ఇంటికి తెచ్చిన రోజు మధ్యాహ్నం తండా అంతా నరేశ్ ఇంటి ముందే ఉంది. దవాఖానలో ఛార్జింగు లేక నరేశ్ ఫోన్ ఎప్పుడో ఆగిపోయింది. బండి ఇంజన్ ఆపకుండానే, డోర్లు రెండూ బార్లా తెరిచి, అతను జాల్యా పడుకున్న మంచాన్ని దించడానికి వెనక తలుపు తెరుస్తున్నాడు. అప్పుడు విక్రమ్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. పండ్ల సంచి తెచ్చాడు.

చిన్నప్పటి నుంచీ అతను నరేశ్ తండ్రిని జాల్యా అని పేరు పెట్టే పిలిచేవాడు. పటేళ్ల పిల్లలందరూ అట్లే పిలుస్తారు. ఆ రోజు మాత్రం, "కాకా, పైలం... జర మెల్లగ దించుండ్రి," అంటూ మంచం కోడు పట్టుకున్నాడు. జాల్యాను ఇంట్లో పడుకోబెట్టాక మళ్లీ బండి దగ్గరికొచ్చి, గోరీతో మెల్లగా అన్నాడు.

"అవ్వా, కొట్టినోళ్ల మొకాలు ఏమన్న యాదికొస్తున్నయా కాకకు? పోలీసోళ్లకు ఏం చెప్పిండు?"

ఆమె జవాబు చెప్పేలోపే అతని ఫోన్ మోగింది. విక్రమ్ నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆ, బాపూ."

జవాబు ఫోన్లోంచి రాలేదు. తెరిచిన రెండు డోర్లలోంచి జగపతి గొంతు ఇళ్ల గోడలకు తగిలేంత గట్టిగా వచ్చింది.

"ఏమంటున్నడురా ముసలోడు? గుర్తుపట్టిండా? ఆ పోరగాండ్లు భూపాలపల్లికెళ్లి ఒకటే ఫోన్లు చేస్తున్నరు. నేను కాలు ఒక్కటే ఇరగ్గొట్టమన్న, చెయ్యి గూడ ఇరగ్గొట్టి కూసున్నరు లంగకొడుకులు. నువ్వు జర మంచిగ మాట్లాడి, పోలీసోళ్లకు ఏం చెప్పిండో అర్సుకొని రా. దారి ముచ్చట ఇప్పుడే ఎత్తకు."

ఎవరి చేతిలో చెంబు వారి చేతిలోనే ఆగిపోయింది.

నరేశ్ విక్రమ్ ముఖంలోకి చూశాడు. అందులో ఆశ్చర్యం లేదు. భయం మాత్రమే ఉంది.

విక్రమ్ ఫోన్ ఆపడానికి వేలు పెట్టేలోపే నరేశ్ గుద్దు అతని దవడ మీద పడింది. ఫోన్ ఎగిరి బండి కిందికి దొర్లింది. విక్రమ్ డోరు పట్టుకుని తూలుతుంటే నరేశ్ మెడ పట్టి, డోరు అంచుకేసి తల కొట్టాడు. నుదురు చీలింది. జాల్యాను చూడటానికి వచ్చి ఉన్న జైపాల్ విక్రమ్‌ను కడుపులో తన్నాడు. కింద పడ్డాక ఎవరెవరు కొట్టారో లెక్క లేదు. చెప్పులు, కట్టెలు, మంచం పట్టె. ఒక ముసలమ్మ కూర్చుని అతని జుట్టు పట్టుకుని నేలకు బాదింది.

"నాకు తెల్వదు! నరేశ్, నేను కాదు!" అని అరుస్తున్నాడు విక్రమ్.

"ఏమైందిరా? విక్రమ్! ఎవలు వాళ్లు?" అంది బండి.

ఫోన్ ఇంకా తెగలేదు. ఇక్కడి ప్రతి దెబ్బా జగపతికి వినిపిస్తోంది. అతని గొంతు ముందు గద్దించింది. పేర్లు పెట్టి తిట్టింది. తండా మొత్తం తగలబెడతానంది. కొడుకు అరుపు మాటలు లేని అరుపుగా మారాక ఆ గొంతు మారింది.

"కొట్టకుండ్రి... మీ కాళ్లు మొక్కుత, వాణ్ని కొట్టకుండ్రి. నేనే చేయించిన. వాడేం చెయ్యలే. నన్ను కొట్టుండ్రి, నేనొస్తున్న."

గోరీ లంబాడీలో ఏడుస్తూ శాపాలు పెడుతున్నదల్లా ఆగింది. బండి డోరు దగ్గరికి వచ్చి, స్పీకరుకు ముఖం ఆనించి, అతనికి అర్థం కావాలని తెలుగులోకి మారింది.

"పటేలా! నా మొగడు గూడ గిట్లనే మొత్తుకున్నడు. చేన్ల ఒక్కడే మొత్తుకున్నడు. నీకు ఇనబడలే. గిప్పుడు ఇను."

నరేశ్ సీటు కిందనుంచి చక్రాల బోల్టులు విప్పే పానా తీశాడు. విక్రమ్ మోకాలి మీద కొట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు శబ్దం వచ్చింది. స్పీకర్లలో జగపతి కేక, నేల మీద విక్రమ్ కేక కలిసిపోయాయి. నరేశ్ మళ్లీ కొట్టాడు. మూడోసారి పానాను తలకు గురిపెట్టి ఎత్తినప్పుడు జమున ఆ ఇనుమును రెండు చేతులా పట్టుకుంది. అతను విదిలించాడు, ఆమె వదల్లేదు. చేతులు చిట్లి రక్తం కారుతున్నా వేలాడింది.

"సస్తడు! సస్తే నువ్వు జైల్లుంటవు, మామను ఎవలు సూడాలె? ఇడువు!"

నరేశ్ వదిలాడు. ఆమె పానాతో సహా వెనక్కి పడింది.

జగపతి కారు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. ఫోన్ చెవికి పెట్టుకునే దిగాడు. "విక్రమ్!" అని అరిస్తే ఆ పేరు బండిలోంచి తనకంటే పెద్దగా మోగింది, వెంటనే చెవులు చిల్లులుపడే కీచు శబ్దం లేచింది. జగపతి నిలబడిపోయాడు. తండా ఏం విన్నదో, ఎట్లా విన్నదో అప్పుడు అర్థమైంది అతనికి.

రక్తంలో పడి ఉన్న కొడుకు దగ్గరికి పోలేదు. గోడకు ఆనించిన గడ్డపార అందుకుని బండి మీద పడ్డాడు. డోరులోకి పొడిచాడు, స్పీకరు చీలింది. తెర పగలగొట్టాడు. అద్దం పగిలింది. ఆపమని దగ్గరికి పోయిన జైపాల్‌ను వెనక్కి చూడకుండానే గడ్డపారతో విసిరి కొట్టాడు. జైపాల్ భుజం ఎముక విరిగింది. కీచు శబ్దం ఆగిపోయాక కూడా అతను పొడుస్తూనే ఉన్నాడు.

అప్పుడు ఆడవాళ్లు కదిలారు. చుట్టుముట్టి పడేసి, గడ్డపార గుంజుకుని, పోలీసు జీపు వచ్చేదాకా కొట్టారు. జగపతి తల మీద చేతులు పెట్టుకుని ముడుచుకుని దెబ్బలు తిన్నాడు.

కేసులు రెండు వైపులా పడ్డాయి. నరేశ్ హత్యాయత్నం కింద జైలుకు పోయాడు. గోరీ మీద, ఇంకొందరు ఆడవాళ్ల మీద కూడా రాశారు. భూపాలపల్లిలో దాక్కున్న ముగ్గురినీ పట్టుకొచ్చారు. వాళ్లతోపాటు జగపతి లోపలికి పోయాడు. జాల్యా కాలు అతుక్కుంది గానీ చేను దాకా నడవలేకపోయాడు. జమున ఒక్కతే ఆ ఏడు పత్తి తీసింది. తోటకు దారి మాత్రం పడలేదు.

బెయిలు మీద బయటికొచ్చాక మొదటి వాయిదాకు నరేశ్ మహబూబాబాద్ కోర్టుకు పోయాడు. వరండాలో బెంచీ చివర విక్రమ్ కూర్చుని ఉన్నాడు. ఒక కాలు తిన్నగా ముందుకు చాపి ఉంది. నుదుటి మీద మచ్చ. వేరే చోటు లేక నరేశ్ బెంచీ రెండో చివర కూర్చున్నాడు. ఇద్దరూ గోడకేసి చూశారు.

"ముందుగాల్నే తెల్సా నీకు?" అని అడిగాడు నరేశ్.

"కొట్టినంక తెల్సింది. ఆ పొద్దు అన్నం తినుకుంట చెప్పిండు బాపు. నేను గూడ తింటున్న. లేచి చెయ్యి కడుక్కోలే. మొత్తం తిన్న."

నరేశ్ అతని చాపిన కాలికేసి చూశాడు.

"పోలీసోళ్లకు రెండూ చెప్పిన," అన్నాడు విక్రమ్. "నన్ను కొట్టింది నువ్వే అని చెప్పిన. ఫోన్ల మాట్లాడింది బాపే, కొట్టించిన అని ఆ పొద్దు నాతోని అన్నడని గూడ చెప్పిన. లోపల జడ్జి ముంగట గూడ చెప్త."

"మీ బాపు ఏమన్నడు?"

"బెయిలు మీద వచ్చినంక ఇంట్లకు రానిస్తలేడు. జనగామల మేనత్త దగ్గర ఉంటున్న."

"జమున పట్టుకోకుంటే నిన్ను సంపుదును," అన్నాడు నరేశ్. క్షమాపణలా కాదు, బెదిరింపులా కూడా కాదు.

"ఎర్కే."

లోపలి నుంచి బంట్రోతు ఇద్దరి పేర్లూ పిలిచాడు. నరేశ్ లేచాడు. విక్రమ్ ఒక చేత్తో బెంచీ, ఇంకో చేత్తో గోడ పట్టుకుని, వంగని కాలిని ఈడ్చుకుంటూ లేవడానికి తంటాలు పడ్డాడు. నరేశ్ చెయ్యి ఇవ్వలేదు. ముందుకు పోనూ లేదు. అతను నిలదొక్కుకునేదాకా తలుపు దగ్గరే ఆగి, ఆ తర్వాత లోపలికి నడిచాడు.