నీళ్ల లోతు రాసే పుస్తకం

శుక్రవారం భివండిలో సాంచాలు బంద్. మిగతా ఆరు రోజులు చెవులు చిల్లులు పడేలా కొట్టుకునే మరమగ్గాలు ఆ ఒక్క రోజు ఆగిపోతాయి. పక్క గల్లీలో ఎవరైనా దగ్గినా వినిపిస్తుంది. సరిగ్గా ఆ రోజే మా మేనకోడలు సాక్షి మెడలో పొడుగాటి టేపు వేసుకుని, చంకలో ఒక పుస్తకం పెట్టుకుని, నార్పోలిలో కార్ఖానాల వెనకాల ఉన్న పాత బావుల చుట్టూ తిరిగేది.

దాంతో జనానికి అనుమానం మొదలైంది.

"ఏమయ్యా సిద్ధిరాములు," అని చాయ్ హోటల్లో కనుకయ్య అందరికీ వినపడేలా అడిగాడు. "మీ కోడలు కార్ఖానలు బందున్న దినమే ఎందుకు తిరుగుతుంది? బాయిల ముక్కుపుల్ల గిట్ల వడ్డదా?"

"సదువుకు కావాల్నట," అన్నాను.

"బాయిల ఏం సదువయ్యా? కప్పల సదువా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి నడుస్తుంటే మాత్రం నవ్వు రాలేదు.

మా బావ పోయినప్పటి నుంచి చెల్లె రాజమణి, సాక్షి మా ఇంట్లోనే ఉంటున్నారు. సాక్షి పొద్దున్నే బస్సులో కళ్యాణ్ వెళ్లి, అక్కడ లోకల్ ఎక్కి, ముంబైలోని సర్కారు యూనివర్సిటీకి పోయేది. సహజ వనరుల సంరక్షణ అని ఎమ్మెస్సీ. నీళ్లు, మట్టి, అడవి పాడుకాకుండా ఎట్లా వాడుకోవాలో నేర్పే చదువని చెప్పింది. నేను ఊళ్లో ఐదు దాకా తెలుగు చదివినవాణ్ణి. "దీనికి నౌకరీ ఏడ దొర్కుతదే?" అని అడిగితే, "సర్కార్‌ల గూడ దొర్కుతది మామా," అంది.

సర్కార్ అన్న ఆ మాట నా మనసులో పడిపోయింది. ఎందుకంటే నా కార్ఖానాలో పన్నెండు సాంచాలున్నాయి. పర్మిట్ ఎనిమిదింటికే ఉంది.

ఒక మంగళవారం ఆమె కాలేజీకి వెళ్లాక, అల్మారాలో ఆ పుస్తకం కనిపించింది. తీయకూడదని తెలుసు. తీశాను. అంతా ఇంగ్లీషే. కానీ నాలుగో పేజీలో బొమ్మ ఉంది. మా గల్లీ, మలుపు, మూలకు ఉన్న రేకుల షెడ్డు. నా కార్ఖానాయే. దాని కింద వరసగా చిన్న చిన్న డబ్బాలు గీసింది. లెక్కపెట్టాను, పన్నెండు. అందులో ఎనిమిది నల్లగా నింపి ఉన్నాయి. నాలుగు ఖాళీగా ఉన్నాయి.

పుస్తకం మూసేసి, కాసేపు మంచం మీద కూర్చున్నాను. చిన్నప్పుడు ఈ పిల్లను భుజాల మీద ఎక్కించుకుని తిప్పాను. నా సాంచాలే రాసుకుంటోందా అనిపించింది. తర్వాతి పేజీ తిప్పి చూడాలని కూడా తోచలేదు.

మా గల్లీలో ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా లక్ష్మీనర్సయ్య సేటు దగ్గరికే తీసుకెళ్తాం. లైట్ బిల్లు నోటీసు కానీ, కోర్టు కాగితం కానీ, ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి చెప్పాల్సిందే. ఆయనది సైజింగ్ ఫ్యాక్టరీ, మా నూలుకు గంజి పెట్టి మగ్గానికెక్కించే బీములు చుట్టి ఇచ్చేది అక్కడే. కాళ్లు అలవాటుగా అటే నడిచాయి. ఆ సైజింగ్ వెనకాల కూడా ఒక బావి ఉందన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

సేటు నా పేజీ చూశాడు. ఆ తర్వాత ఒక్కో పేజీ తిప్పుకుంటూ పోయాడు. ఒకచోట ఆగి చాలాసేపు చూశాడు.

"సేటూ, అవి నా సాంచాలేనా?"

ఆయన తల ఎత్తలేదు. "ఆఁ. నీయే. ఎన్మిది, నాలుగు. అన్ని రాసింది."

"ఏం జెయ్యాలె మరి?"

"ఇది నా కాడ ఉండనియ్యి. నువ్వు ఏం ఎర్కలేనట్టే ఉండు." పుస్తకం సొరుగులో పెట్టి తాళం వేశాడు.

గురువారం సాయంత్రం ఇల్లంతా తలకిందులైంది. సాక్షి పరుపులు లేపింది, బియ్యం డబ్బా వెనకాల చూసింది. "నా వహీ కుఠే గేలీ? మామా, నా పుస్తకం జూసినవా?"

"నేనేడ జూస్త?" అన్నాను.

మా సాంచాల మీద పనిచేసే భూపతి రోజూ మంచినీళ్ల కోసం ఇంట్లోకి వస్తాడు. రాజమణి కళ్లు వాడి మీద పడ్డాయి. "ఇంట్లకొచ్చేది నువ్వొక్కనివే గదా భూపతీ. బీడీ సుట్టుకునేతందుకు గిట్ల చింపినవా?"

భూపతి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "అక్కా, నాకు సంతకమే రాదు. పుస్తకం ఏం జేసుకుంట?" చెంబు కింద పెట్టి, నీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు. నేను గోడకు ఆనుకుని, వినపడనట్టు కూర్చున్నాను.

"ఎవ్వరు దీస్తరమ్మా దాన్ని?" అంటూ సాక్షి నేల మీద కూలబడింది. "పన్నెండు శుక్రవారాలు బాయిలల్ల నీళ్లు ఎంత కిందికి వొయినయో కొలువాలె. మోటర్లు బందుంటెనే నీళ్లు కదలకుంట ఉంటయి, అందుకే శుక్రారం. ఎన్మిది వారాలు అయినయి. ఇంక నాలుగే ఉండె. వారం వారం మా సర్ పెట్టిన సంతకాలు అండ్లనే ఉన్నయి. అది లేకుంటె పరీక్షకు కూసోనియ్యరు. ఏడాది వోతది."

ఎనిమిది, నాలుగు. నోరు ఆగలేదు.

"అయితే ఆ నల్ల డబ్బాలు సాంచాలు గావా?"

ఇల్లు శుక్రవారంలా నిశ్శబ్దమైంది. సాక్షి మెల్లగా నా వైపు తిరిగింది. "ఏ డబ్బాలు మామా?"

చెప్పేశాను. మొత్తం చెప్పేశాను. రాజమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నీకు నా బిడ్డ మీద గింత అనుమానమా అన్నా?" అంది. సాక్షి చెప్పులు వేసుకుంది. "నడువు. అడుగుదాం."

సైజింగ్‌లో గంజి వాసన, ఆవిరి. మమ్మల్ని చూడగానే సేటు పక్కనున్న పనివాణ్ణి బయటికి పంపించాడు.

"ఏ పుస్తకం?" అన్నాడు.

"మా మామ నీకిచ్చిన పుస్తకం, సేటు తాతా. అండ్ల సాంచాల ముచ్చటే లేదు. నీకు ఇంగ్లీష్ వస్తది, నీకు ఎర్కే."

"ఎర్కే," అన్నాడు ఆయన. నేను ఆయన ముఖం వైపు చూశాను. మంగళవారం నాకు చెప్పింది అబద్ధమని ఒప్పుకుంటున్నా, ఆ ముఖంలో సిగ్గు కనిపించలేదు. "నా బాయి ఎన్మిది వారాలల్ల నాలుగు మీటర్లు దిగిందని రాసినవ్. ఆ అంకె రేపు ఎవని చేతుల వడ్తదో నాకేం ఎర్క? పొల్యూషనోళ్లు అస్తరు, గిన్ని నీళ్లు గుంజుతున్నవని నా బాయిలర్‌కు తాళమేస్తరు. నలభై మంది రోడ్డు మీద వడ్తరు. నువ్వు సదువుకున్నదానివి, నువ్వే జెప్పు."

"సర్‌కు తప్ప ఎవ్వరికియ్య. పుస్తకమియ్యి తాతా."

"లేదు బిడ్డా. నిన్ననే బాయిలర్ల వేసిన."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ బాయిలర్ ఇనుప తలుపు వైపు కాసేపు చూసి, "నువ్వు కాలవెట్టినా నీళ్లు దిగుడు ఆగదు," అంది. అంతే, బయటికి నడిచింది. నేను సేటును ఒక్క మాట అనకుండా ఆమె వెనకాలే వచ్చేశాను. అది ఇప్పటికీ నన్ను పొడుస్తూ ఉంటుంది.

యూనివర్సిటీలో వాళ్ల సర్ మంచివాడే, కానీ సంతకాలు లేని లెక్క చెల్లదన్నాడు. పన్నెండు వారాలూ మొదటి నుంచి కొలవాలి, పరీక్ష వచ్చే ఏడాది బ్యాచ్‌తో రాయాలి. రాజమణి నెల రోజులు నాకు అన్నం పెట్టింది కానీ, కూర వేయనా అని అడగలేదు. భూపతి దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. "పోనీ తీ అన్నా," అన్నాడు. కానీ ఆ రోజు నుంచి ఇంటి నుంచే నీళ్ల బాటిల్ తెచ్చుకుంటున్నాడు. లక్ష్మీనర్సయ్య దగ్గర బీములు చుట్టించడం నేనే మానేశాను. నూలును శాంతి నగర్‌లోని ఇంకో సైజింగ్‌కు టెంపోలో పంపిస్తున్నాను.

మళ్లీ మొదటి శుక్రవారం వచ్చింది. గల్లీలో కనుకయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఎదురింటి కిటికీలోంచి ఎవరో తొంగి చూస్తున్నారు. సాక్షి మా కార్ఖానా వెనకున్న బావితోనే మొదలుపెట్టింది. పిలవకపోయినా నేను వెళ్లి నిలబడ్డాను.

"టేపు నేను వట్టుకుంటనే," అన్నాను.

కాసేపు ఆలోచించింది. టేపు ఇచ్చింది. కొత్త పుస్తకాన్ని మాత్రం రెండు చేతులతో ఛాతీకి హత్తుకుంది, నాకు ఇంగ్లీషు చదవడం రాదని తెలిసినా.

టేపు కిందికి వదిలాను. చివరన కట్టిన బరువు నీళ్లను తాకిన చప్పుడు వినిపించింది. గట్టు దగ్గర వేలు పెట్టి చూశాను. "ఐదు మీటర్ల ఇర్వై."

"ఆగు మామా, నేను జూస్త."

నన్ను పక్కకు జరిపి, వంగి, నా వేలు ఎత్తించి, తానే చూసింది. ఆ తర్వాత అటు తిరిగి నిలబడి రాసుకుంది. నేను చెప్పిన అంకె సరైనదే. ఆ మాట మాత్రం ఆమె అనలేదు.