ఐదు నిమిషాల వంతు

మూడో తరగతికి కంప్యూటర్ నేర్పేసరికి నాకు తలప్రాణం తోకకొస్తుంది. మౌస్ కోసం జుట్లు పట్టుకుంటారు. అందుకే ఒక రూలు పెట్టాను. కంప్యూటర్‌కి ఇద్దరు, మనిషికి ఐదు నిమిషాలు. నేను చప్పట్లు కొట్టగానే కుర్చీలో ఉన్నవాళ్ళు లేచి రెండోవాళ్ళకి చోటివ్వాలి.

కిటికీ పక్క కంప్యూటర్ పిచ్చుకది, పొడుగుకాళ్ళది. ఆ ఇద్దరు ఆడపిల్లలకీ ఆ పేర్లు నేను పెట్టినవే. పిచ్చుక నోరు క్షణం ఊరుకోదు. ఇద్దరూ నెలరోజులుగా ఒకే ఇంటి బొమ్మ వేస్తున్నారు. గోడలు పిచ్చుక వేస్తే తలుపులూ కిటికీలూ పొడుగుకాళ్ళు పెడుతుంది. పోయిన వారం పొడుగుకాళ్ళ వాళ్ళ నాన్నకు బదిలీ అయింది. ఆ పిల్ల బడి మానేసి వెళ్ళిపోయింది.

ఇవాళ చప్పట్లు కొట్టాను. పిచ్చుక లేచి, మౌస్ సరిగ్గా జరిపిపెట్టి, ఖాళీ కుర్చీ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

“ఏంటే, దిష్టిబొమ్మలా నిలబడ్డావ్? ఇప్పుడిదంతా నీదేగా, కూర్చో!” అని కసిరాను.

“ఇప్పుడు దాని వంతు టీచర్.”

“అది ఊళ్ళోనే లేదు కదే!”

“తెలుసు టీచర్.”

అంత వాగుడుకాయా ఆ రెండు ముక్కలతో ఆపేసింది. తెర మీద ఇంటికి కొత్తగా మూడో అంతస్తు లేచింది. దానికి కిటికీ ఒక్కటీ లేదు.

ఇంతలో పక్క కంప్యూటర్ గడుగ్గాయి ఒకడొచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

“లేరా అక్కణ్ణుంచి!” అని అరిచాను. “పొడుగుకాళ్ళకి ఇంకా మూడు నిమిషాల టైముంది.”