దర్జీ ఇంటి కాఫీ

ఇంట్లో ఎంత కాఫీ తాగినా ఇట్టే నిద్ర పట్టేస్తుంది, బయట ఒక్క కప్పు తాగితే మాత్రం రెప్ప వాలదు, ఇదేం చిత్రమోనని దర్జీకి ఏళ్ల తరబడి అనుమానం. ఒళ్లు పెరిగి, క్లోమం వాచి ఆసుపత్రిలో పడ్డ నాటినుంచి అతనికి కాఫీయే రక్ష. అందులోని కెఫీన్ ఆ వాపును తగ్గించవచ్చని ఎలుకల మీద చేసిన ఒక పరీక్షలో తేలినట్టు ఎక్కడో చదివాడు. ఆ ధీమాతో మిఠాయిలు మానలేదు. తన ప్యాంట్ల నడుము తానే వదులు చేసుకుంటూ వచ్చాడు.

ఆ ఉదయం భార్య కొత్త పొట్లం విప్పి డబ్బాలో పోస్తుంటే వెనకనుంచి చూశాడు. కెఫీన్ తీసేసిన పొడి అని పొట్లం మీద రాసి ఉంది.

"ఇన్నేళ్లూ నన్ను మోసం చేశావా?" అంటూ పొట్లం లాక్కున్నాడు.

"మీకు నిద్ర లేకపోతే నాకెక్కడిదండీ? అయినా ఎలుకల మీద చేసిన పరీక్షను నమ్మారు గానీ, నడవమన్న డాక్టర్ని నమ్మారా?"

"ఆ ఎలుకపాటి విలువైనా నాకివ్వలేదు నువ్వు. ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్తే తాగేవారా?" ఆమె కళ్లు దించుకుంది. "రోజూ నాతో నడుస్తానని ఆసుపత్రి మంచం మీద మాటిచ్చారు. అదేమైంది?"

అతను దేవుడి పటం వైపు చూశాడు. ఎవరిది పెద్ద మోసమో ఆయనా చెప్పలేదు. కోపం తగ్గకుండానే చెప్పులు వేసుకుని, "రా" అన్నాడు. వీధి చివరిదాకా ఇద్దరూ కలిసి నడిచారు.