సముద్రం దాకా వెళ్ళిన బడి వ్యాన్

నేను ఒక బడి వ్యాన్‌ని. ఇప్పుడు చూస్తే ఎవరూ నమ్మరు. చక్రాలు తీసేశారు, ఇంజను తీసేశారు, అద్దాలు ఎవరో పట్టుకుపోయారు. విశాఖపట్నం శివార్లలో ఓ పాత ఇనుము కొట్టు వెనక, తుప్పు పట్టిన బీరువాలకీ విరిగిన ఫ్యాన్లకీ మధ్య కూర్చుని ఉన్నాను. ఒంటి మీద పసుపు రంగు మాత్రం అక్కడక్కడా మిగిలింది. వాన పడ్డప్పుడు ఆ రంగు కాస్త మెరుస్తుంది. అదే నా పాత ఉద్యోగం తాలూకు గుర్తు.

పుట్టుకతోనే పసుపు రంగుదాన్ని కాను. ఫ్యాక్టరీ నుంచి తెల్లగా బయటికొచ్చాను. నన్ను మొదట కొన్నది విజయనగరంలో పెళ్ళిళ్ళకి బ్యాండు మేళం తిప్పే ఆయన. పెళ్ళికి వెళ్ళేటప్పుడు నా కడుపు నిండా డప్పులూ, బాకాలూ, జోకులూ. తిరిగొచ్చేటప్పుడు ఒక్కడూ మాట్లాడేవాడు కాదు, అందరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నిద్ర. పక్కవాళ్ళ సంతోషం మోయడం ఎంత అలుపో అప్పుడే తెలిసింది నాకు. ఆ తర్వాత సాలూరులో పురుగుమందుల దుకాణం ఆయన దగ్గర కొన్నాళ్ళు ఉన్నాను. ఆ వాసన గురించి ఎక్కువ చెప్పను. ఆయన మాత్రం ముక్కుకి రుమాలు కట్టుకుని, నా లోపలే కూర్చుని తీరిగ్గా ఇడ్లీలు తినేవాడు.

చివరికి పార్వతీపురం చిన్నంనాయుడి చేతిలో పడ్డాను. అతనే నన్ను కడిగి, సీట్లు వేయించి, పసుపు రంగు కొట్టించాడు. తలుపు మీద బడి పేరు రాయించాడు. ఆ రోజు నుంచి నాకు బతుకంటే ఏమిటో తెలిసింది. పిల్లలు ఎక్కేవాళ్ళు. కిటికీ పక్క సీటు కోసం జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళు, అయిదు నిమిషాలకే భుజాల మీద చేతులు వేసుకునేవాళ్ళు. సీట్ల సందుల్లో పెన్సిళ్ళు, చింతపిక్కలు, సగం కొరికిన జామకాయలు దాచేవాళ్ళు. చిన్నంనాయుడు రోజూ తిట్టేవాడు, రోజూ ఊడ్చేవాడు.

ఓ మార్చి సాయంత్రం పిల్లలు కేకలు పెడుతూ ఎక్కారు. "రేపట్నుంచి బడి నేదంట! కరోనా అంట!" అంత సంబరం నేను పండగలకీ చూడలేదు. ఒక్కొక్కరూ వాళ్ళ వీధి రాగానే దూకి పరిగెత్తారు. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకు చూస్తారు, మళ్ళీ నాలుగు రోజుల్లో కలుస్తామనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ తర్వాత వీధిలో నిలబడిపోయాను. పొద్దున్నే చిన్నంనాయుడు వచ్చి, బ్యాటరీ చచ్చిపోకుండా కాసేపు ఇంజను నడిపి, ఆపేసి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చునేవాడు. ఎక్కడికీ వెళ్ళని బండిలో డ్రైవరు సీటులో కూర్చోవడం చూడ్డానికి నవ్వులాటలా ఉంటుంది గానీ, అతనికి ఇంకెక్కడ కూర్చోవాలో తోచేది కాదు.

వాళ్ళది ఒకే గది ఇల్లు. అందుకని అతని భార్య పోలేశ్వరి ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడాలంటే నా వెనక సీట్లోకి వచ్చి కూర్చునేది. వాళ్ళ కథంతా నాకు అలాగే తెలిసింది.

పోలేశ్వరిది కళింగపట్నం అవతల ఓ చేపలపల్లె. తండ్రి ఎల్లయ్య సముద్రం మనిషి. ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లో పెద్ద బోట్ల మీద వేటకి పోయేవాడు, ఎండాకాలం ఇంటికొచ్చేవాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఆ రోజుల్లో చిన్నంనాయుడు ఆ పల్లెకి ఐసు తోలే లారీ నడిపేవాడు. ఐసు దించేలోపు ఇద్దరికీ మాటలు కలిశాయి. పెళ్ళి చేసుకుంటానని ఆమె ఫోన్ చేస్తే, "నానొచ్చీదాకా ఆగే" అన్నాడట ఎల్లయ్య. ఆమె ఆగలేదు. ఎండాకాలం ఎల్లయ్య పల్లెకి వచ్చేసరికి కూతురు కొండల వైపు ఊరికి కాపరానికి వెళ్ళిపోయింది. అంతే, ఆయన మాట మానేశాడు. మనవరాలు హంసిక పుట్టి, పలక పట్టి, రెండో తరగతికి వచ్చినా ఆయన చూడలేదు. కబురు పెడితే జవాబు లేదు.

అలాంటి మనిషి ఏప్రిల్లో ఫోన్ చేశాడు. పోలేశ్వరి నా వెనక సీట్లో కూర్చుని, ఫోన్ చెవికి ఆనించి, చాలాసేపు పలకలేదు. అవతల గొంతు మాత్రం నాకు వినిపిస్తూనే ఉంది.

"ఒలే పోలీ, నానే. రేవులోనే ఉన్నాం. బోటు దిగనివ్వట్నేదు. తిండి ఉంది గానీ ఏటో భయంగా ఉంది. సుట్టూ నీళ్ళే, ఒడ్డు ఎదురుగానే అవుపిస్తంది… ఒకసారి నీ గొంతు ఇందామని."

"అయ్యా" అంది ఆమె. ఆ సీటు రెక్సిను ఆ రోజు తడిసింది.

మే నెలలో గుజరాత్ రేవుల్లో చిక్కుకున్న మనవాళ్ళందర్నీ బస్సుల్లో తీసుకొచ్చారు. ఎల్లయ్య కొన్నాళ్ళు ఓ కాలేజీ గదిలో అందరికీ దూరంగా ఉండి, జ్వరం ఏమీ లేదన్నాక పల్లెకి చేరాడు. ఈలోగా చిన్నంనాయుడు ఎదురుచూసి ఎదురుచూసి, బడులు తెరిచేలా లేవని, నా సీట్లు పీకించి కూరగాయలు తోలడానికి మాట ఇచ్చేశాడు. ఆ మాట అతను ఇంట్లో చెప్పిన రాత్రి ఎవరూ సరిగా తిన్నట్టు లేదు.

మర్నాడు పోలేశ్వరి వచ్చి అతని పక్కన ముందు సీట్లో కూర్చుంది.

"సీట్లు పీకీకముందు ఒక్కసారి ఎల్దామా? మా అయ్య ఉన్నాడు. మళ్ళీ గుజరాత్ ఎలిపోతే ఎప్పుడొస్తాడో తెల్దు."

చిన్నంనాయుడు కాసేపు అద్దంలోంచి ఖాళీ సీట్లు చూశాడు. "నన్ను సూస్తే ఏటంటాడో మీ అయ్య" అన్నాడు.

"ఏటన్నా అననీ. ఇన్నాళ్ళూ ఏటీ అనకపోడమే కదా బాద."

జూన్‌లో, ఆదివారం తెల్లారుతుండగా బయలుదేరాం. పులిహోర, చల్లనీళ్ళు, అందరికీ పోలేశ్వరి పాత చీర చింపి కుట్టిన మాస్కులు. హంసిక తనకి కిటికీ సీటు కావాలంది. అన్నీ కిటికీ సీట్లే, అన్నీ ఖాళీవే. కాసేపు ఒకదాంట్లో, కాసేపు ఇంకోదాంట్లో కూర్చుని, చివరికి "పోట్లాడ్డానికి ఎవులూ నేరు" అని వాళ్ళమ్మ ఒళ్ళోకి వచ్చేసింది. నా మనసులో మాట అదే.

పాలకొండ దాటాక పోలీసులు ఆపారు. "ఎక్కడికి?" అన్నాడు కానిస్టేబులు, చిన్నంనాయుడి నుదుటికి అరచేయంత దూరంలో జ్వరం చూసే మిషను పట్టుకుని.

"ఆస్పత్రికండి" అన్నాడు చిన్నంనాయుడు. రాత్రంతా సాధన చేసిన అబద్ధం అది.

"కాదండి" అంది వెనకనుంచి హంసిక. "మా తాతని సూడ్డానికి. నేనెప్పుడూ సూళ్ళేదు. సముద్రం కూడా సూళ్ళేదు."

కానిస్టేబులు చిన్నంనాయుడి వంకా, పిల్ల వంకా చూశాడు. మాస్కు వెనక నవ్వాడో లేదో నాకు తెలీదు. "మా పాపనీ నాను సూసి నెల్లాళ్ళయినాది, ఊరెల్లనివ్వట్నేదు" అని, కర్రతో తోవ చూపించాడు.

శ్రీకాకుళం దాటి సముద్రం వైపు తిరిగాక గాలి మారింది. పోలేశ్వరి మాస్కు కిందికి లాగి, కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చుకుంటూ కూర్చుంది. కానీ పల్లె మొదట్లోనే ఆగిపోయాం. రోడ్డుకి అడ్డంగా తాటిదుంగలు, వాటి మీద ముళ్ళకంప. బయటివాళ్ళు రాకూడదని ఊరు కట్టుకున్న కంచె. అవతల కాపలా ఉన్నవాళ్ళు దూరం నుంచే వెళ్ళిపొమ్మని చేతులూపారు.

పోలేశ్వరి దిగి కంచె దగ్గరికి నడిచింది. "నాను ఎల్లయ్య కూతుర్ని. ఈ ఊరిదాన్నే!"

ఎవరో వెళ్ళి ఆమె పిన్ని దానమ్మని పిలుచుకొచ్చారు. దానమ్మ ముళ్ళకంప అవతల నిలబడి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"నువ్వు మా పిల్లవే అమ్మా, నేదనలేను. ఊళ్ళో ఇద్దరికి జొరం. ఎవుళ్నీ రానివ్వొద్దని పెద్దలు కట్టుబాటు చేసినారు. నువ్వు సరుగుడు తోట కాడికి ఎల్లు. మీ అయ్యని పడవేసుకుని అటు రమ్మంటాను."

నన్ను సరుగుడు తోట చివర, ఇసక మొదలయ్యే చోట ఆపారు. నేను సముద్రాన్ని చూడడం అదే మొదలు. నేను చూసిన వాటన్నిటికీ ఎక్కడో ఒకచోట అంచు ఉండేది. దీనికి లేదు. తీరంలో ఒక్క మనిషి లేడు. హంసిక కాసేపు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకునే నిలబడి, తర్వాత అలల వెంట పరుగెత్తడం మొదలుపెట్టింది.

చాలాసేపటికి, పల్లె వైపు నుంచి ఓ చిన్న పడవ కనబడింది. అందులో ఒక్కడే మనిషి, తలకి తువ్వాలు చుట్టుకుని, నిలబడి పొడుగాటి గెడతో పడవని తోసుకుంటూ వస్తున్నాడు. ఒడ్డుకి కాస్త దూరంలో, అలలు విరిగే చోటికి అవతల ఆపేశాడు.

"అయ్యా!" అని పోలేశ్వరి నీళ్ళలోకి నడిచింది.

"అక్కడే ఆగే! దగ్గిరికి రాకు!" ఎల్లయ్య గొంతు అలల మీంచి వచ్చింది. "నాకేటీ నేదు గానీ, ఊరు బాగోనేదు. నీకు అంటిస్తే నాను బతకలేను."

ఆమె మొలలోతు నీళ్ళలో ఆగింది. ఇన్నేళ్ళ తర్వాత ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుంటున్నారు.

"సిక్కిపోనావేటే" అన్నాడు ఆయన.

"నువ్వే సిక్కిపోనావు."

"గుంటేదీ, నా మనవరాలు?"

చిన్నంనాయుడు కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని నీళ్ళలోకి దిగాడు. ఎల్లయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండలోకి చూశాడు. "అచ్చం మీ అమ్మలా ఉందే" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు అటు తిరిగి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఉప్పునీళ్ళు పడ్డాయనుకోవచ్చు ఎవరైనా.

మళ్ళీ ఇటు తిరిగి, "నాయుడూ" అన్నాడు. చిన్నంనాయుడు ఉలిక్కిపడ్డాడు. "నా మీద కోపంగా ఉందా?"

"నాకెందుకండి మావా, మీకుండాల గానీ."

"నాకు మొన్న బోటు మీదే పోనాది. అన్ని రోజులు కాలీగా కూకుంటే దేని మీదని కోపం ఉంటాది?"

అప్పుడు ఆయన పడవని కాస్త ముందుకి జరిపి, గెడ ఎత్తి, నీళ్ళ మీదుగా కూతురి వైపు చాచాడు. ఒక చివర ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. రెండో చివర పోలేశ్వరి పట్టుకుంది. హంసిక కూడా వంగి పట్టుకుంది. పడవ పైకి లేచినప్పుడు పోలేశ్వరి చేతులు పైకి లేచాయి, కిందికి దిగినప్పుడు దిగాయి. ఆయన ఒక్కసారి గెడని మెల్లగా కదిపాడు, చంటిపిల్ల ఉయ్యాల ఊపినట్టు. ఆమె తడి గెడ మీద చెంప ఆనించి ఏడ్చింది. ఎంతసేపు అలా ఉన్నారో నేను లెక్క పెట్టలేదు.

"ఇంక ఎల్లు, ఎండెక్కిపోతంది" అన్నాడు ఆయన. "కంచె తీసీగానే ఇంటికొచ్చీ. సేపల పులుసు నానే వండుతాను."

ఆ మర్నాడు నా సీట్లు పీకేశారు. వంకాయలు, టమాటాలు, క్యాబేజీలు మోశాను. కూరగాయలు పోట్లాడుకోవు, పాటలు పాడవు. ఊరు కంచె తీసేసరికి ఎల్లయ్యని బోటు యజమాని మళ్ళీ గుజరాత్ పిలిపించుకున్నాడు. ఆదివారం ఆదివారం ఫోన్ వచ్చేది. పోలేశ్వరి నా నేల మీదే, ఖాళీ గోనెసంచుల మీద కూర్చుని మాట్లాడేది. ఇప్పుడు పలకకుండా ఉండేది కాదు. నవ్వేది, కసిరేది, పులుసులో చింతపండు ఎంత వెయ్యాలో దెబ్బలాడేది. "ఈ ఎండాకాలం వచ్చీ అయ్యా, మొత్తం నెల్లాళ్ళు మా కాడే ఉండాల" అనేది. "వస్తాను, వస్తాను" అనేవాడు.

ఆ ఎండాకాలం రాకముందే నా ఇంజను కూలబడింది. బాగుచెయ్యడం దండగన్నాడు మెకానిక్కు. ఇక్కడికి లాక్కొచ్చి వదిలారు. చిన్నంనాయుడు వెళ్ళేముందు తలుపు తీసి ఒకసారి లోపలికి చూశాడు, మళ్ళీ వేశాడు, అది సరిగా పడలేదని ఇంకోసారి గట్టిగా వేశాడు.

తర్వాత ఆ రోగం మళ్ళీ రెండోసారి విరుచుకుపడిందని ఈ కొట్టు మనుషులు మాట్లాడుకోగా విన్నాను. ఆ ఏడు రోడ్డు మీద అంబులెన్సుల మోతే మోత. ఎల్లయ్య వచ్చాడో లేదో నాకు చెప్పేవాళ్ళు లేరు. ఇక్కడికి సముద్రం దూరం కాదు, సాయంత్రాలు ఉప్పుగాలి వస్తుంది. అది నన్ను కొద్దికొద్దిగా తినేస్తోందని తెలిసినా, వచ్చే వేళకి ఎదురుచూస్తాను. ఆయన బస్సు దిగి ఉంటాడని, ఈసారి ఆమె ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని ఉంటుందని అనుకుంటాను. అనుకోవడానికి బండికి చక్రాలు అక్కర్లేదు.

వచ్చే ఉంటాడు.